హద్దుల బాబాయి, ముప్పై రెండు మెగాబైట్లు

హద్దుల బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. కంటికి కనిపించిన ప్రతిదానికీ ఒక హద్దు పెట్టాలి. పెట్టేదాకా ఆయనకు తిండి సహించదు, కునుకు పట్టదు. కాఫీలో పంచదారకు హద్దు, మీటింగులో మాటకు హద్దు, ఆఖరికి కిటికీకి కూడా హద్దు. కిటికీ చట్రం మీద పెన్సిల్‌తో గీత గీసి ఉంటుంది. ఎంత ఉక్కపోసినా రెక్క ఆ గీత దాటి తెరుచుకోకూడదు. ఆఫీసులో ఆయన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు. ఆయన లేనప్పుడు దానికి ముందు 'హద్దుల' చేరుతుంది. ఆ సంగతి తెలిసి, "వారానికి ఒక్కసారే అనండి" అని దానికీ ఒక హద్దు పెట్టాడు.

అలాంటి మనిషికి దేవుడు సరిగ్గా అలాంటి ఉద్యోగమే ఇచ్చాడు. వాళ్ళ కంపెనీ కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తుంది. దాని నడిబొడ్డున ఉండేది కెర్నెల్. ఉమ్మడి కుటుంబానికి పెద్దదిక్కు ఎలాంటిదో కంప్యూటర్‌కు కెర్నెల్ అలాంటిది. ఏ ప్రోగ్రాం ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ఎంత మెమరీ వడ్డించాలో అదే తేలుస్తుంది. కొన్ని ప్రోగ్రాములు ఒకే మెమరీని పంచుకుని పనిచేసుకుంటాయి. అది షేర్డ్ మెమరీ, అంటే ఉమ్మడి ఆస్తి. ఒక ప్రోగ్రాం వచ్చి అడిగితే అందులో ఎంతవరకు ఇవ్వొచ్చో ముందే హద్దు పెట్టి పంపడం బాబాయి పని. ఆయన ఏనాడో ముప్పై రెండు మెగాబైట్లని పెట్టాడు. ఆ రోజుల్లో అది రాజభవనం. ఈ రోజుల్లో అగ్గిపెట్టె. అయినా బాబాయి బెత్తెడు కూడా కదల్లేదు.

రిలీజ్ మేడం ఆ ఆఫీసుకు కొత్తగా వచ్చింది. సిస్టం కొత్త వెర్షన్‌ను సమయానికి బయటికి పంపే బాధ్యత ఆవిడది కాబట్టి ఆ పేరు పడింది. వచ్చిన మొదటిరోజే పాల ప్యాకెట్టు పెట్టుకుందామని ఫ్రిజ్ తెరిచి కొయ్యబారిపోయింది. అరలన్నీ రంగు టేపుతో గళ్ళు గళ్ళుగా విడగొట్టి ఉన్నాయి.

"ఇదేంటండీ, ఫ్రిజ్జా, చదరంగం బల్లా?" అని పక్కనున్న టెస్టింగ్ ఇంజనీరును అడిగింది.

"మనిషికి ఒక గడి మేడం. గడికి ఒక డబ్బా. బాబాయి రూలు."

"ఎవరా బాబాయి?"

"నేనే," అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. పొట్టిగా గుండ్రంగా ఉన్న పెద్దమనిషి, చేతిలో స్కేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇదివరకు ఎవడికి తోచినంత వాడు కుక్కేవాడు తల్లీ. ఉద్యోగం మానేసి పోయినవాళ్ళ డబ్బాలు కూడా ఉండిపోయేవి. ఒకసారి ఒకదాని మూత తీస్తే, లోపలున్నది మనల్ని పలకరించేట్టుంది. కెర్నెల్లోనూ అంతే. ప్రోగ్రాం చచ్చిపోయినా అది పట్టుకున్న షేర్డ్ మెమరీ అలాగే పడుంటుంది, ఎవరో ఒకరు తుడిచేదాకా. సరే, నీ పాల ప్యాకెట్టు ఎంత?"

"లీటరండీ."

"రేపట్నించి అర లీటరు తెచ్చుకో."

మేడం తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆయన వెళ్ళాక చూస్తే, టెస్టింగ్ ఇంజనీరు గడిలో రెండు డబ్బాలు ఒకదాని మీద ఒకటి దర్జాగా కూర్చుని ఉన్నాయి. "మరి ఇదేంటి?" అని అడిగితే అతను "అదా... అదీ... ఏం లేదు మేడం" అని, మోగని ఫోన్ చెవికి ఆనించుకుని జారుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మీటింగులో ఇంకో దెబ్బ తగిలింది. బాబాయి బల్ల మధ్యన ఒక ఇసుక గడియారం నిలబెట్టాడు. ఇసుక అయిపోయిందంటే మాట అయిపోయినట్టే. మేనేజరంతటి మేనేజరు "కాబట్టి ఈ పథకం వల్ల మనకు..." అంటుండగా ఇసుక అయిపోయింది. ఆ పథకం వల్ల తమకేమవుతుందో అక్కడున్నవాళ్ళకు ఈ రోజుకీ తెలియదు. మేడం వంతు వచ్చేసరికి బాబాయి మోచెయ్యి తగిలి గడియారం అడ్డంగా పడిపోయి ఇసుక ఆగిపోయింది. ఎవరూ గమనించినట్టు లేదు. ఆవిడ బిక్కుబిక్కుమంటూనే తను చెప్పదలచుకున్నదంతా చెప్పి, బతుకు జీవుడా అని కూర్చుంది.

బాబాయి భార్య ఆఫీసు వెనక వీధిలో బట్టలు కుడుతుంది. ఇరుకు గది, రెండు మిషన్లు, గోడకు వేలాడే పిల్లల గౌన్లు. కూతురి స్కూలు బట్టలు కుట్టించడానికి వెళ్ళిన మేడం మాటల్లో ఆ సంగతి తెలుసుకుని, ఆవిడ మీద ఎక్కడలేని జాలి పడింది.

"పిన్నిగారూ, ఇంట్లో కూడా ఇంతేనా ఆయన?"

"ఇంతేనా అంటావేంటమ్మా!" పిన్ని నోట్లోని గుండుసూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "పెళ్ళైన కొత్తలో దెబ్బలాటకి కూడా హద్దు పెట్టారు. ఒక దెబ్బలాటలో ఒకే విషయం ఉండాలి. పాతవి తవ్వకూడదు."

"అయ్యో! మరి మీరేం చేశారు?"

"ఏముందీ, ఇంకో దెబ్బలాట మొదలుపెట్టేదాన్ని," అని పిన్ని మిషను తొక్కడం మొదలుపెట్టింది. మేడం ముక్కున వేలేసుకుని బయటికొచ్చింది.

ఇక్కడిదాకా నవ్వుకోవడానికి బాగానే ఉంది. అసలు పిడుగు ఆ తర్వాతే పడింది. ఒకరోజు మేనేజరు మేడంను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"మన పెద్ద ఖాతాదారు, ఆ డేటాబేస్ కంపెనీ వాళ్ళు లేరూ? వాళ్ళ డేటాబేస్ లేవగానే బోలెడంత షేర్డ్ మెమరీ అడుగుతుంది. మన కెర్నెల్ ముప్పై రెండు మించి ఇవ్వనంటుంది. అంతే, మొదలవకముందే కుప్పకూలుతుంది. కొన్నవాళ్ళందరూ ఈ సిస్టం మాకొద్దని తిప్పి పంపుతున్నారట. ఈ వెర్షన్లో కూడా ఇలాగే ఉంటే వాళ్ళు మనల్ని వదిలేస్తారు. వాళ్ళు వదిలేస్తే కెర్నెల్ విభాగం మూతే."

"మూతంటే... అందరూ?"

"బాబాయి, మీరు, టెస్టింగ్ వాళ్ళు, అందరూ. పైనుంచి కాగితం రావడమే తరువాయి."

మేడం కుర్చీలోంచి లేచింది. ఉన్న ఉద్యోగం వదులుకుని ఇక్కడికొచ్చి ఇంకా కుర్చీ వెచ్చబడలేదు. తిన్నగా బాబాయి దగ్గరికి పోయింది.

"బాబాయిగారూ, ముప్పై రెండు మెగాబైట్లు ఈ కాలంలో నాలుగు ఫోటోలకి చాలవండీ."

"ఫోటోలు తక్కువ తీసుకోమను."

"పోనీ రెట్టింపు చేద్దామా?"

"రెట్టింపు చేస్తే మళ్ళీ రెట్టింపు అడుగుతారు."

"అయితే హద్దే తీసేద్దాం. ఎవరికి కావలసినంత వాళ్ళు తీసుకుంటారు."

బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంటికి గోడలెందుకు, పీకేద్దాం అన్నా మనిషి అంత అదిరిపడడు. "ఆ మాట మళ్ళీ అనకు తల్లీ," అన్నాడు మెల్లగా. "నేను ఈ కుర్చీలో ఉండగా అది జరగదు."

తమ విభాగం మునిగిపోతోందని మేడం చెప్పినా ఆయన తల అడ్డంగానే ఊపాడు. ఈయన మనిషా, మైలురాయా అనుకుంది. ఇల్లు చేరి మొగుడితో చెప్పుకుంటే, "పోనీ ఆయనకి తెలియకుండా మార్చేయొచ్చుగా" అన్నాడు ఆ మహానుభావుడు. కెర్నెల్లో ఆ హద్దు రాసిన వరుస మార్చాలంటే బాబాయి సంతకం లేనిదే కుదరదు. ఆయన కాదంటే మేనేజరొక్కడే దాటగలడు. మేనేజరేమో, "ఖాతాదారుల ఫిర్యాదులు నా బల్ల మీద పెట్టండి, ఆయన్ని పక్కనపెట్టి నేనే చేస్తాను" అన్నాడు.

ఫిర్యాదులకేం కొదవ, ఈ హద్దుతో జనం ఏడ్చి చస్తుంటారు అనుకుని మేడం ఫోన్ అందుకుంది. మొదట ఒక పత్రికాఫీసులో కంప్యూటర్లు చూసుకునే పెద్దమనిషి దొరికాడు.

"షేర్డ్ మెమరీ హద్దు వల్ల మీకు చాలా ఇబ్బందిగా ఉండుంటుంది కదండీ?"

"ఏ హద్దండీ?"

"అదే, ముప్పై రెండు మెగాబైట్లు."

ఆయన గొంతు తగ్గించి, "మీరు బాబాయి మనిషేనా?" అన్నాడు.

మేడం చేతిలో ఫోన్ జారబోయింది. ఊళ్ళో ఖాతాదారులకు కూడా ఆయన బాబాయేనా!

"మాకు ఎప్పుడో పెంచి ఇచ్చారండీ. ఒక్క ఆదేశం టైపు చేయిస్తే పెరిగిపోయింది. కానీ ఎవరికీ చెప్పొద్దన్నారు. మా ఒక్కరికేనట."

సరే, ఏదో పాత పరిచయం కాబోలు అనుకుంది. తర్వాత వాతావరణ కేంద్రానికి చేసింది. అక్కడున్నావిడ మొదట అంతా బాగుందని బుకాయించింది. గట్టిగా అడిగేసరికి, "ష్... మీకెవరు చెప్పారు? ఆయన ఉద్యోగానికే ముప్పని ఒట్టు వేయించుకున్నారు. మా ఒక్కళ్ళకే ఇచ్చారు," అంది. గ్రంథాలయంలోనూ అదే మాట, ఓడరేవులోనూ అదే మాట. "మా ఒక్కళ్ళకే." ఓడరేవాయన ఇంకాస్త చెప్పాడు. బాబాయి ముందు బండబూతులు తిట్టినంత పని చేశాడట, ఇంత మెమరీ ఎందుకయ్యా అని. తర్వాత ఆ యంత్రంలో ఇంకేమేం నడుస్తాయో ఓపిగ్గా అడిగి, వాళ్ళడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చి, డేటాబేస్ లేచేదాకా ఫోన్ పెట్టలేదట.

మేడంకు దిమ్మతిరిగింది. మాన్యువల్ తీసి చూసింది. హద్దు పెంచుకోవడం ఎలా అన్నచోట బాబాయి రాసింది ఒకే ఒక్క మాట, "అడగండి." కింద ఆయన ఫోన్ నంబరు. అంటే అడగడం తెలిసినవాడి దగ్గర ఆ హద్దు ఎప్పుడో గాలికెగిరిపోయింది. డేటాబేస్ కొన్న జనానికి మాత్రం మాన్యువల్ తిరగేసే ఓపిక ఉండదు కాబట్టి సిస్టం తిప్పి పంపేస్తున్నారు.

అప్పుడు ఆవిడకు ఒక అనుమానం తొలిచింది. గబగబా టెస్టింగ్ ఇంజనీరు దగ్గరికి పోయి, "ఆ రెండో డబ్బా సంగతి చెప్తారా, మేనేజరుకు చెప్పమంటారా?" అంది.

అతను దొంగలా అటూ ఇటూ చూశాడు. "మా అమ్మకి పథ్యం భోజనం వేరే తెచ్చుకుంటాను మేడం, సాయంత్రం ఆస్పత్రికి పట్టికెళ్ళాలి. బాబాయి నా ఒక్కడికే ఒప్పుకున్నారు. ఎవరితోనూ అనకండి."

రిసెప్షన్ అమ్మాయి సొరుగులో పంచదార పొట్లం దొరికింది. ఆ అమ్మాయి ఒక్కదానికే. కిటికీ పక్కన కూర్చునే ఆయాసం మనిషికి గీత దాటి రెక్క తెరుచుకునే హక్కుంది. ఆయన ఒక్కడికే. మేనేజరును కదిపితే, ఇసుక అయిపోయాక బాబాయి ప్రతిసారీ తన గదికొచ్చి మిగతా పథకమంతా వింటాడని తేలింది. అదీ ఆయన ఒక్కడికే. మేడం తన కుర్చీలో కూలబడి, మొదటిరోజు మీటింగు గుర్తొచ్చి మళ్ళీ ఉలిక్కిపడింది. ఆ మోచెయ్యి పొరపాటున తగల్లేదు. ఇన్నాళ్ళూ ఆ ఆఫీసులో ఒక్క రూలు కూడా ఒక్క మనిషి మీద కూడా సరిగ్గా నడవలేదు. అయినా అందరూ ఆయన్ని చూసి హడలి చస్తున్నారు.

ఆవిడ ఉండబట్టలేక బాబాయిని నిలదీసింది.

"అందరికీ పెంచి ఇచ్చారట కదా!"

బాబాయి మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారు?"

"అందరూ."

"అందరూనా! ఒక్కరికైనా నోరు ఆగదా?"

"మరి ఎవరికోసమండీ ఈ ముప్పై రెండు? ఫోన్ చేసినవాళ్ళందరికీ ఇస్తూనే ఉన్నారు. ఈ పంతం ఎవరిమీద?"

"ఫోన్ చెయ్యనివాళ్ళ కోసం," అన్నాడు బాబాయి.

బీరువాలోంచి అరచేతంత యంత్రం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. చూపులేనివాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే యంత్రమది. అందులోనూ తమ సిస్టమే ఉంటుంది. ఒక ప్రోగ్రాం పేజీ చదివి అక్షరాలు షేర్డ్ మెమరీలో పెడితే, ఇంకో ప్రోగ్రాం అక్కణ్ణించి తీసుకుని పైకి పలుకుతుంది. బాబాయి మీట నొక్కాడు. ఒక ఆడగొంతు తీరిగ్గా ఏదో కథ చదవసాగింది. "ఇప్పుడు హద్దు తీసేస్తున్నా, చూడు," అని ఏదో టైపు చేసి, బొమ్మలు సర్దే ప్రోగ్రాం ఒకటి తెరిచాడు. అది వచ్చీ రాగానే ఉన్న మెమరీ అంతా తన కిందికి లాగేసుకుంది. కథలో తల్లి తలుపు తీసి "ఎవరదీ" అన్నదగ్గర గొంతు తెగిపోయింది. ఎంత నొక్కినా మళ్ళీ రాలేదు.

మేడం కూడా నొక్కి చూసింది. ఊహూ.

"డేటాబేస్‌వాడు ఫోన్ చేసి నన్ను దులిపేస్తాడు. ఓడరేవువాడు నా మీద కేకలేస్తాడు. వాళ్ళకేం, నోరుంది," అన్నాడు బాబాయి. "ఇది ఆగిపోతే ఈ పుస్తకం వింటున్న మనిషి ఎవరికి చేస్తుంది? తనే ఏదో తప్పు నొక్కానేమోనని కూర్చుంటుంది. నా నంబరు ఆవిడకి ఎవరు చదివి పెడతారు తల్లీ?"

మేడంకు ఆ మనిషి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది, అదే ఊపులో ఆయన జుట్టు పీకాలని కూడా అనిపించింది. హద్దు పెంచితే ఈ గొంతు పోతుంది. పెంచకపోతే అందరి కూడూ పోతుంది. ఏం చెయ్యాలో తోచక కిటికీలోంచి వెనక వీధిలోకి చూసింది. పిన్ని కొట్టు గుమ్మం ముందు ఒక పసిది చేతులు చాపి నిలబడి ఉంది. పిన్ని టేపుతో భుజాలు కొలుస్తోంది.

"బాబాయిగారూ," అంది మేడం ఉన్నట్టుండి. "పిన్నిగారు పసిపిల్లకీ పహిల్వానుకీ ఒకే కొలత చొక్కా కుడతారా?"

"ఎందుకు కుడుతుంది, పిచ్చా?"

"మరి మనం ఎందుకండీ కుడుతున్నాం? ముప్పై రెండా, అరవై నాలుగా అని ఇన్నేళ్ళూ కొట్టుకున్నారు. అసలు అంకె ఎందుకు? కెర్నెల్ లేవగానే ఆ యంత్రంలో ఎంత మెమరీ ఉందో దానికి తెలుసు కదా. అందులో ఇంత వంతని పెట్టేద్దాం. బుల్లి యంత్రానికి బుల్లి హద్దు, పెద్దదానికి పెద్దది. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు."

ఈసారి నోరు తెరవడం బాబాయి వంతైంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "ఇన్నేళ్ళుగా... ఇంటికెళ్తే కళ్ళెదురుగా టేపు వేలాడుతూనే ఉంది," అన్నాడు నీరసంగా. "నాకెందుకు తట్టలేదు?"

"అంకె మీద పంతం పట్టారు కాబట్టి," అంది మేడం.

ఇద్దరూ కలిసి రాయడానికి కూర్చున్నారు. అసలు గండం ఇక్కడే ఉందని మేడంకు తెలుసు. వంతంటే ఎంత? సగం అంటే ముసలాయన గుండాగి పోతాడేమోనని, డేటాబేస్ ఎలాగోలా లేవడానికి సరిపడేంత లెక్క చూసుకుని, ప్రాణాలు ఉగ్గబట్టుకుని 'పావు వంతు' అని రాసింది. బాబాయి తెర వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. అయిపోయింది, ఇక ఇరవయ్యో వంతో ముప్ఫయ్యో వంతో అంటాడని మేడం కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే తెర మీద 'సగం' అని ఉంది.

"బాబాయిగారూ!" ఆవిడ కుర్చీలోంచి పడబోయి బల్ల పట్టుకుంది.

"పావంటే మరీ పిసినారితనం కదమ్మా," అన్నాడు బాబాయి నొచ్చుకుంటూ. "పాపం, వాళ్ళ అవసరాలు వాళ్ళకుంటాయి. సగం తీసుకోమను. మిగతా సగం మీద మాత్రం ఎవడు చెయ్యి వేసినా ఊరుకోను."

బుల్లి యంత్రంలో అది ఎక్కించారు. బొమ్మల ప్రోగ్రాం సగం దాకా లాక్కుని బుద్ధిగా ఆగిపోయింది. ఆడగొంతు "ఎవరదీ" దాటి, ఆ వచ్చినవాడెవడో చెప్పి, కథ ఆఖరుదాకా చదివింది. బాబాయి ఆ కథ ఎన్నిసార్లు విన్నాడో గాని, మళ్ళీ మొదటిసారి వింటున్నట్టే తలూపుతూ విన్నాడు. పక్క గదిలో పెద్ద యంత్రం మీద డేటాబేస్ కిక్కురుమనకుండా లేచి నిలబడింది. టెస్టింగ్ ఇంజనీరు కళ్ళు తేలేసి, ఇంకోసారి పడుకోబెట్టి మళ్ళీ లేపి చూసుకున్నాడు. డేటాబేస్ కంపెనీవాళ్ళు కబురు అందిన పూటే ఒప్పందం పొడిగించారు. విభాగం మూత మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారం మీటింగులో మేనేజరు మొహం వెలిగిపోతోంది. "అసలు ఆయన్ని ఎలా ఒప్పించారు మేడం? నేను ఇన్నేళ్ళ నుంచి తల బాదుకున్నా ఒక్క బైటు రాలలేదు!"

మేడం బాబాయి వైపు చూసింది. ఆయన మొహం గంటు పెట్టుకుని, కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"చాలా పెద్ద గొడవైందండీ," అంది మేడం. "అసలు ఒప్పుకోలేదు. కాళ్ళావేళ్ళా పడితే, ఏడిస్తే, ఆఖరికి సగానికి దిగారు. గడ్డుమనిషి."

"గడ్డుమనిషే," అన్నాడు మేనేజరు.

"మహా మొండి మేడం," అన్నాడు టెస్టింగ్ ఇంజనీరు.

"అబ్బో, ఆయనతో ఎవరు పడతారు!" అంది రిసెప్షన్ అమ్మాయి.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ అవునవునన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకునే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. బాబాయి గంభీరంగా గొంతు సవరించుకుని, పొగడ్తలకు కూడా ఒక హద్దుండాలని వాళ్ళను మందలించాడు.